వెటర్నరీ టెక్నీషియన్ల నిరంతర శిక్షణ: హైదరాబాద్‌లో గంటలు ఎలా లెక్కపెట్టాలి, చేతికి ఎలా అలవాటు చేసుకోవాలి

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టర్లదే. 30వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. డిప్లొమా గానీ సర్టిఫికెట్ గానీ ఉన్న వెటర్నరీ సూపర్‌వైజర్లు, స్టాక్‌మన్లు, స్టాక్ అసిస్టెంట్లు, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే, రిజిస్టర్డ్ డాక్టరు పర్యవేక్షణలో టీకాలు వేయడం, విత్తులు కొట్టడం, గాయాలకు కట్లు కట్టడం లాంటి చిన్న సేవలు చేయవచ్చు. వీళ్లు ఏడాదికి ఇన్ని గంటలు చదవాలన్న లెక్క మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు.

అయితే హైదరాబాద్‌లో ఏ చిన్న పెట్ క్లినిక్‌కైనా వర్తించే శిక్షణ రూలు ఒకటుంది. చాలామందికి అది తెలియదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు వెటర్నరీ సంస్థలకూ వర్తిస్తాయి. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఉద్యోగికీ పనిలో చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి శిక్షణ ఇవ్వాలి. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. జూన్ 30లోపు పంపే వార్షిక నివేదికలో ఆ శిక్షణల వివరాలు రాయాలి. కాబట్టి ఏడాది ప్రణాళికలో మొదటి గంట దీనిదే. పసుపు, ఎరుపు, నీలం, తెల్ల డబ్బా అని రంగులు బట్టీ పట్టించి వదిలేస్తే ఆ గంట వృథా. రాత్రి డ్యూటీలో ఓటీ (ఆపరేషన్ గది) ట్రే మీద మిగిలేవన్నీ నిజంగా ముందు పెట్టుకుని, ఒక్కొక్కటి ఎందులో పడాలో చేత్తో వేయించాలి. తప్పులు ఎక్కువగా జరిగేది సూదుల దగ్గరే. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెడుతుంటే వేలికి గుచ్చుకుంటుంది. సూదులూ బ్లేడ్లూ గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి అక్కడికక్కడే వెళ్లాలి.

గంటల కొలత ఎంత పెట్టుకోవాలి?

మనకు లెక్క లేదు కాబట్టి లెక్క ఉన్నచోట చూసుకోవడం మంచిది. కాలిఫోర్నియాలో రిజిస్టర్డ్ వెటర్నరీ టెక్నీషియన్ రెండేళ్లకు 20 గంటలు చూపించాలి. న్యూయార్క్‌లో మూడేళ్లకు 24 గంటలు. బ్రిటన్‌లో రిజిస్టర్డ్ వెటర్నరీ నర్సులకు క్యాలెండర్ ఏడాదికి 15 గంటలు. బ్రిటన్ పద్ధతిలో మనం తెచ్చుకోవాల్సిన మంచి విషయం ఇంకోటుంది. 2022 నుంచి అక్కడ గంటలు నమోదు చేస్తే చాలదు, నేర్చుకున్నదాని వల్ల పనిలో ఏం మారిందో కూడా రాయాలి. సర్టిఫికెట్ల కట్ట కంటే ఆ రెండు వాక్యాలే విలువైనవని మా గట్టి అభిప్రాయం.

ఓపీ ఒత్తిడి తెలిసే చెబుతున్నాం, ఏడాదికి 15 గంటలు పెట్టుకోండి. అందులో సగమైనా చేత్తో చేసి నేర్చుకునేవి కావాలి. గంట అంటే 50 నిమిషాల అసలు బోధన. అమెరికాలో శిక్షణ కార్యక్రమాలను ఆమోదించే రేస్ అనే రిజిస్ట్రీ లెక్క కూడా ఇదే. టీ విరామం, రిజిస్ట్రేషన్, కంపెనీ ప్రచారం ఇందులో కలవవు. మందుల కంపెనీ రెండు గంటల మీటింగ్ పెట్టి, అందులో గంటంపావు తమ ఉత్పత్తి గురించే చెబితే, మీ పుస్తకంలో రాసుకోవాల్సింది మిగతా ముప్పావు గంటే.

ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టే ముందు మూడు చూడండి. రేస్ నంబరు ఉందా అన్నది మొదటిది. రెండోది ముఖ్యం: గంటలు టెక్నీషియన్లకు ఆమోదించారా, డాక్టర్లకు మాత్రమేనా? రెండు లెక్కలూ విడివిడిగా ఉంటాయి. డాక్టర్లకు రెండు గంటలు వచ్చే వెబినార్‌లో టెక్నీషియన్‌కు ఒక్క గంట కూడా రాకపోవచ్చు. మూడోది, అది ప్రత్యక్ష ప్రసారమా, రికార్డింగా? అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటలకు మొదలయ్యే వెబినార్ మనకు ఎండాకాలంలో మర్నాడు తెల్లవారుజామున 5:30కి, చలికాలంలో 6:30కి వస్తుంది. నిద్ర ఆపుకోలేక తర్వాత రికార్డింగ్ చూస్తే అది వేరే కోవలోకి పోతుంది, చివర పరీక్ష కూడా రాయాలి.

ఏ అంశాలు ఎంచుకోవాలి?

ఆసక్తిని బట్టి కాదు, మీ క్లినిక్‌లో జరిగిన తప్పులను బట్టి ఎంచుకోవాలి. గత మూడు నెలల కేస్ షీట్లూ ల్యాబ్ పుస్తకమూ ముందేసుకుని నాలుగు లెక్కలు తీయండి: గడ్డకట్టి మళ్లీ తీయాల్సి వచ్చిన రక్తం శాంపిళ్లు, పెట్టినచోట 24 గంటల్లోపే వాచిపోయి తీసేసిన సెలైన్ క్యాన్యులాలు, రెండోసారి తీయాల్సి వచ్చిన ఎక్స్‌రేలు, సగం ఖాళీగా ఉన్న మత్తు చార్టులు. ఏ లెక్క పెద్దదైతే ఆ అంశానికే ఎక్కువ గంటలు.

డాక్టర్‌ని అడిగేటప్పుడు కూడా ఈ లెక్కే పనికొస్తుంది. "సార్, నాకు ట్రైనింగ్ కావాలి" అంటే "చూద్దాంలే" అని తప్పించుకోవడం తేలిక. "సార్, ఈ నెల నాలుగు శాంపిళ్లు గడ్డకట్టాయి, నాలుగిళ్లవాళ్లనీ కుక్కల్ని మళ్లీ తీసుకురమ్మన్నాం. శనివారం ఓపీ అయ్యాక 50 నిమిషాలు దగ్గరుండి చూపిస్తారా?" అంటే కాదనడం కష్టం.

ఊరి వాతావరణం కూడా చూసుకోవాలి. వడదెబ్బ గంట మార్చిలోనే అయిపోవాలి, మేలో నేర్చుకుంటే ఆలస్యమే. అందులో కచ్చితంగా రావాల్సిన విషయం చల్లబరచడం ఎప్పుడు ఆపాలన్నది. ప్రతి 5 నిమిషాలకూ మలద్వారం దగ్గర ఉష్ణోగ్రత చూస్తూ 103 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగగానే ఆపేయాలి. ఆపకపోతే తగ్గుతూనే పోయి కుక్క చల్లబడిపోతుంది. రక్తం స్మియర్ (గాజు స్లైడు మీద రక్తాన్ని పలచగా పరచడం) గంటలు వానలు పడకముందే పెట్టుకోవాలి. ఎందుకో కింద చెబుతాం.

ఒక శిక్షణ గంటను దగ్గర్నుంచి చూద్దాం: రక్తం స్మియర్

గోమార్ల జ్వరం, అదే అందరూ టిక్ ఫీవర్ అనేది, మన ఊరి కుక్కల్లో బాగా కనిపిస్తుంది. మెషీన్ ప్లేట్‌లెట్లు తక్కువని చూపించినప్పుడు అది నిజమా కాదా తేల్చేది స్లైడే. టెక్నీషియన్ చేతిలో ఇంత విలువైన పని ఇంకోటి లేదు. అందుకే 15 గంటల్లో కనీసం మూడు దీనికే ఇవ్వమంటాం.

శాంపిల్‌తో మొదలుపెట్టాలి. ఈడీటీఏ ట్యూబును, అంటే రక్తం గడ్డకట్టకుండా మందు ఉన్న ట్యూబును, గీత వరకు నింపాలి. సగమే నింపితే మందు ఎక్కువై ఎర్రకణాలు కుంచించుకుపోతాయి, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) తక్కువగా వస్తుంది. నింపిన వెంటనే ట్యూబును నిదానంగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయాలి. గిలకొడితే కణాలు పగులుతాయి, అలాగే వదిలేస్తే గడ్డకడుతుంది. సిరంజి నుంచి ట్యూబులోకి పోసేటప్పుడు సూది తీసేయాలి. ఈడీటీఏ ట్యూబులో పోసిన రక్తాన్ని సీరం ట్యూబులోకి వంచడం ఎప్పుడూ చేయకూడదు. అలా చేస్తే పొటాషియం లేనిపోని ఎత్తుకు వెళ్లి, కాల్షియం పడిపోయినట్టు రిపోర్టు వస్తుంది. డాక్టరు లేని జబ్బు కోసం వెతుకుతారు.

స్లైడు మీద ఒక చివర నుంచి సెంటీమీటరు లోపల 2, 3 మిల్లీమీటర్ల చుక్క చాలు. ఎక్కువమంది పెద్ద చుక్క పెడతారు, స్మియర్ చివరి అంచు దాకా పాకి, చూడాల్సిన భాగమే పోతుంది. రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి, చుక్కను తాకేదాకా వెనక్కి లాగాలి. రక్తం అంచు వెంట పాకగానే ఆగకుండా, నొక్కకుండా, ఒక్క ఊపులో ముందుకు తోయాలి. స్మియర్ స్లైడులో మూడింట రెండొంతులు ఉండి, చివర ఈక అంచులా పలచబడాలి. రక్తహీనత ఉన్న కుక్క రక్తం నీళ్లలా జారిపోతుంది కాబట్టి వాలు నిటారుగా పెంచాలి. నీరు తగ్గి రక్తం చిక్కబడితే వాలు తగ్గించాలి. కోణం గురించి పుస్తకాల్లో ఉండే ఒక్క వాక్యం చేతికి రావాలంటే కనీసం 30 స్లైడ్లు పోవాలి. వాటి ఖర్చు గురించి క్లినిక్ వెనకాడకూడదు.

ఇక వానాకాలం గొడవ. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్మియర్ నెమ్మదిగా ఆరుతుంది. ఎర్రకణాల మీద మెరిసే చుక్కలు, చిల్లుల్లాంటివి ఏర్పడతాయి. కొత్తవాళ్లు వాటినే బబేసియా (ఎర్రకణాల్లో చేరే టిక్ ఫీవర్ పరాన్నజీవి) అనుకుంటారు. గీసిన వెంటనే స్లైడును గాలిలో విసురుతూ గానీ, డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి గానీ ఆరబెట్టాలి. మైక్రోస్కోప్ ఫోకస్ కొద్దిగా అటూ ఇటూ తిప్పితే తళుక్కుమని మెరిసేది పురుగు కాదు, ఆరడంలో వచ్చిన లోపం. ఫార్మలిన్ సీసా పక్కన ఆరని స్లైడ్లు పెట్టకండి, ఆ ఆవిరికే స్టెయిన్ (కణాలకు పట్టించే రంగు) పాడవుతుంది.

మనవైపు ఎక్కువగా వాడేది లీష్మన్ స్టెయిన్. స్మియర్ మీద స్టెయిన్ పోసి 2 నిమిషాలు ఉంచాలి. తర్వాత దానికి రెండింతలు 6.8 పీహెచ్ బఫర్ (ఆమ్ల, క్షార గుణం మారకుండా ఉంచే ద్రావణం) కలిపి, నోటితో మెల్లగా ఊది కలిసేలా చేసి 7 నుంచి 10 నిమిషాలు ఆగాలి. కడిగేటప్పుడు ముందు స్టెయిన్ వంచేసి కడగకూడదు, పైన తేలే తెట్టు స్లైడుకు అంటుకుంటుంది. బఫర్ పోస్తూ తెట్టును తేల్చేయాలి. క్షారగుణం ఎక్కువున్న బోరు నీళ్లతో కడిగితే స్లైడంతా నీలంగా మారుతుంది. స్టెయిన్ పాడైందని సీసా పారేసే ముందు ఒక స్లైడు బఫర్‌తో కడిగి చూడండి.

చూసే వరుస కూడా శిక్షణలో భాగమే. ముందు తక్కువ పవర్‌లో ఈక అంచు చూడాలి. అక్కడ ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి ఉంటే మెషీన్ అంకెను నమ్మడానికి లేదు, అసలు సంఖ్య దానికంటే ఎక్కువే. గుంపులు లేకపోతే, కణాలు ఒక్క వరుసలో పక్కపక్కన పరుచుకున్న చోట 100 ఎక్స్ ఆయిల్ లెన్స్‌తో 10 చోట్ల లెక్కపెట్టాలి. సగటును 15 వేలతో గుణిస్తే మైక్రోలీటరుకు సుమారు సంఖ్య వస్తుంది. 10 చోట్లా కలిపి 32 కనిపిస్తే సగటు 3.2, అంటే దాదాపు 48 వేలు. కుక్కకు మామూలుగా 2 లక్షలకు పైనే ఉండాలి. బబేసియా అనుమానం ఉంటే చెవి అంచున గుచ్చి తీసిన చుక్కతో ఇంకో స్లైడు చేయండి, సన్నని రక్తనాళాల్లో అది ఎక్కువగా చేరుతుంది. టిక్ ఫీవర్ తెచ్చే ఇంకో క్రిమి ఎర్లీకియా మామూలు స్మియర్‌లో చాలా అరుదుగానే దొరుకుతుంది. కనబడలేదని రాయవచ్చు గానీ లేదని రాయకూడదు. ఈ ఒక్క మాట తేడా నేర్పించడానికే ఐదు నిమిషాలు కేటాయించండి.

గంట పూర్తయిందని ఎప్పుడు రాయాలి? చివర 10 స్లైడ్లు గీయించండి. పొడవు సరిపోయిందా, ఈక అంచు వచ్చిందా, రెండు పక్కలా అంచులు కనిపిస్తున్నాయా, గీతలూ ఖాళీలూ లేకుండా ఉందా అని డాక్టరు చూడాలి. 8 సరిగా ఉంటే గంట లెక్కలోకి వచ్చినట్టు. రాకపోతే ఇంకో శనివారం.

మత్తు గంటలు

ఇక్కడ హద్దు స్పష్టంగా ఉండాలి. ఎన్ని గంటలు చదివినా మత్తు మందు నిర్ణయించేది, ఇచ్చే బాధ్యత మోసేది డాక్టరే. టెక్నీషియన్ నేర్చుకోవాల్సింది కళ్లు తిప్పకుండా చూడటం, ప్రతి 5 నిమిషాలకూ రాయడం, మారిన వెంటనే చెప్పడం. గుండె వేగం, శ్వాస, ఆక్సిజన్ శాతం, బీపీ, ఉష్ణోగ్రత, మెషీన్ ఉంటే వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా రాయాలి. ఆక్సిజన్ 95 శాతం కిందికి వచ్చినా, సగటు బీపీ 60 కిందికి జారినా, డాప్లర్ (రక్తప్రవాహం శబ్దం వినిపించే బీపీ పరికరం) మీద పై బీపీ 90 కంటే తగ్గినా గట్టిగా చెప్పాలి. సర్జరీ మధ్యలో డాక్టర్‌ని కదిలించకూడదేమో అన్న మొహమాటమే ప్రాణం మీదకు తెస్తుంది.

బీపీలో ఎక్కువమంది తప్పు చేసేది కాలికి చుట్టే పట్టీ, అదే కఫ్ దగ్గర. కుక్క కాలు చుట్టుకొలతలో 40 శాతం కఫ్ వెడల్పు ఉండాలి. చుట్టుకొలత 15 సెంటీమీటర్లయితే 6 సెంటీమీటర్ల కఫ్. చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అసలు పడిపోయిన బీపీ స్క్రీన్ మీద బాగున్నట్టే కనిపిస్తుంది. శిక్షణలో ఒకే కుక్కకు మూడు సైజుల కఫ్‌లు మార్చి కొలిపించండి. అంకెలు కళ్ల ముందు మారుతుంటే ఎవరూ మర్చిపోరు. మొదటి కొలతను వదిలేసి తర్వాతి ఐదింటి సగటు తీసుకోవాలి.

ఆటోక్లేవ్ (ఆవిరితో పనిముట్లలో క్రిములు చంపే యంత్రం), ఎక్స్‌రే గురించి క్లుప్తంగా. 121 డిగ్రీల సెల్సియస్ మీద గుడ్డలో చుట్టిన ప్యాకులకు 30 నిమిషాలు పెట్టాలి. ఆ సమయం లెక్కపెట్టేది స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, ఉష్ణోగ్రత అందుకున్నప్పటి నుంచి. ప్యాకుకు అంటించే టేపు మీద గీతలు నల్లబడటం వేడి తగిలిందనడానికే గుర్తు, క్రిములు చచ్చాయనడానికి కాదు. ఎక్స్‌రే గదిలో లెడ్ ఏప్రాన్‌ను మడవకుండా వేలాడదీయాలి. రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఏప్రాన్ లోపల ఛాతీ దగ్గర ఉండాలి.

నగరంలో ఎక్కడ నేర్చుకోవాలి?

రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ, పీవీ నరసింహారావు తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ ఉన్నాయి. రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఆ యూనివర్సిటీ పరిధిలోదే. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది. ఇలాంటి చోట్ల ఒక రోజు పని చూడాలనుకుంటే నోటిమాటగా కాకుండా మీ డాక్టరు సంతకంతో లేఖ తీసుకెళ్లండి. ఏం చూడాలనుకుంటున్నారో ఒకే అంశం రాయండి. "అంతా చూస్తాం" అని రాస్తే ఎవరికి అప్పగించాలో వాళ్లకూ తెలియదు. వెళ్లే ముందు రేబిస్ ముందస్తు టీకాలు పూర్తయి ఉండాలి: మొదటి రోజు, 7వ రోజు, ఆపై 21 లేదా 28వ రోజు. టీకా కార్డు కాపీ దగ్గర ఉంచుకోండి.

అన్నిటికంటే దగ్గరి బడి మీ క్లినికే. నెలకో శనివారం, ఒక అంశం, ఒక కేసు, 50 నిమిషాలు. రెండు మూడు క్లినిక్కులు కలిస్తే ఇంకా మంచిది. ఒకరి తప్పు ఇంకొకరికి పాఠమవుతుంది.

రికార్డు

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, అంశం, నేర్పినవాళ్ల పేరు, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు, చూసిందా చేసిందా, గంటలు, సంతకం. చివరి గడి వెడల్పుగా ఉంచండి, పనిలో ఏం మారిందో అక్కడ రాయాలి. "చాలా ఉపయోగపడింది" అని కాదు. "జూన్‌లో నాలుగు శాంపిళ్లు గడ్డకట్టాయి, ఆగస్టులో ఒక్కటే" అని రాయాలి. బయోమెడికల్ నిబంధనల ప్రకారం వ్యర్థాల రికార్డులు 5 ఏళ్లు దాచాలి. శిక్షణ పుస్తకాన్నీ అంతకాలం దాచేయండి. ఒక్కో పేజీ ఫొటో తీసి ఈమెయిల్‌లో పెట్టుకోండి. ఉద్యోగం మారేటప్పుడు పుస్తకం పాత క్లినిక్‌లోనే ఉండిపోవడం మామూలే.

సంతకాలు డిసెంబరులో ఒకేసారి పెట్టించుకోకండి. ఒకే పెన్ను, ఒకే రంగు, పన్నెండు తేదీలు. చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, నిజంగా చేసిన గంటల మీద కూడా అనుమానం వస్తుంది.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఈ గంటలు ఎన్ని పోగుచేసినా అమెరికాలో టెక్నీషియన్ లైసెన్సుకు రాసే వీటీఎన్ఈ పరీక్షకు అర్హత రాదు. ఆ పరీక్షలో 3 గంటల్లో 170 ప్రశ్నలుంటాయి. ఎక్కువ రాష్ట్రాల్లో దానికి కూర్చోవాలంటే అక్కడి పశువైద్యుల సంఘం ఏవీఎంఏ గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేయాలి. గంటల శిక్షణ ఇప్పిస్తామన్న ఏజెంటు మాట మీద దాన్ని లైసెన్సు దారి అనుకుని డబ్బు కట్టకండి. మీ పుస్తకం అక్కడ పనికొచ్చేది కోర్సులో చేరేటప్పుడు, ఉద్యోగం ఇంటర్వ్యూలో చూపించడానికి.

అందుకోసమైనా మొదటి సర్టిఫికెట్ నుంచే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయించుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు పొడి అక్షరంగా, ఇంకోచోట చివర పూర్తిగా, మరోచోట అసలు లేకుండా పడుతుంది. ఆన్‌లైన్ కోర్సుల్లో ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన పేరే సర్టిఫికెట్ మీద వస్తుంది. తర్వాత మార్పించడం పెద్ద తతంగం. ఖాతా తెరిచే ముందు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం చూసి టైప్ చేయండి.